పాఠకుల ప్రశ్నలు: హెర్మన్స్‌బర్గ్ కుండలు

ప్రశ్న: మెల్బోర్న్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, అక్కడి నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియాలో ఆదివాసీ మహిళలు చేసిన మట్టికుండలు చూశాను. మూతల మీద పక్షుల బొమ్మలు, కుండల చుట్టూ ఎర్రని కొండలు ఉన్నాయి. హెర్మన్స్‌బర్గ్ అనే ఊరివని రాసి ఉంది. వీరిది తరతరాల కుమ్మరి విద్యేనా? కాకపోతే దీనిని ఆదివాసీ కళ అని ఎలా అంటాం? ఒకటి కొనాలంటే ఏం చూసుకోవాలి?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తరతరాల విద్య కాదు. హెర్మన్స్‌బర్గ్ ఆస్ట్రేలియా నడిబొడ్డున, ఆలిస్ స్ప్రింగ్స్‌కు పడమరగా సుమారు 125 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి ఆదివాసులైన పశ్చిమ అరంట జనులు ఆ చోటును న్టారియా అంటారు. వారు పూర్వం గింజలు, నీళ్లు మోయడానికి కొయ్య దొప్పలే వాడేవారు. 1877లో లూథరన్ మిషనరీలు అక్కడ మిషన్ స్థాపించారు; 1982లో ఆ భూమి తిరిగి అరంట ప్రజల చేతికి వచ్చింది. కుండల పని గట్టిగా వేళ్లూనుకున్నది మాత్రం 1990లో, నవోమీ షార్ప్ అనే కుమ్మరి కళాకారిణి అక్కడికి వచ్చి నేర్పడం మొదలుపెట్టిన తరువాతనే.

అయితే పనితనం కొత్తదైనంత మాత్రాన కళ అరువు తెచ్చుకున్నదవుతుందని నేను అనుకోను. ఇదే ఊరిలో పుట్టిన ఆల్బర్ట్ నమట్జిరా 1930లలో, బయటినుంచి వచ్చిన రెక్స్ బాటర్బీ అనే చిత్రకారుడి దగ్గర నీటిరంగుల చిత్రకళ నేర్చుకున్నాడు. 1938లో మెల్బోర్న్‌లో జరిగిన ఆయన తొలి ప్రదర్శనలో చిత్రాలన్నీ అమ్ముడుపోయాయి. అవి పాశ్చాత్య పద్ధతిలో వేసిన మామూలు ప్రకృతి దృశ్యాలేనని చాలాకాలం తేలిగ్గా తీసిపారేసినవారు ఉన్నారు. కానీ ఆయన గీసినవి తన పూర్వీకుల గాథలతో ముడిపడిన, తాను బాధ్యత వహించవలసిన కొండలు, లోయలు. కుండలు చేసే మహిళలలో ఆయన బంధువర్గం వారూ ఉన్నారు. వారి పనిలో ఆ చూపే కొనసాగుతోంది.

వీరు కుమ్మరి సారె వాడరు. ఎర్రమట్టిని తాళ్లలా పేని, చుట్ట మీద చుట్ట పేర్చి, అతుకులు కనబడకుండా వేళ్లతో నునుపు చేస్తూ కుండను పైకి లేపుతారు. మూత మీద ఎర్రతోక నల్ల కాకటూ అనే చిలుక జాతి పక్షినో, పెరెంటీ అనే పెద్ద ఉడుమునో, కంగారూనో విడిగా మలిచి నిలబెడతారు. తరువాత రంగులు వేసి బట్టీలో కాలుస్తారు. మీరు చూసిన కుండ చుట్టూ ఒకసారి నిదానంగా తిరిగి ఉంటే, దానికి ముందు వెనుకలు లేవని గమనించి ఉంటారు. మెక్‌డానెల్ కొండల వరుస, తెల్లని బోదెల యూకలిప్టస్ చెట్లు, ఏడాదిలో అధికభాగం ఇసుకగానే ఉండే ఫింక్ నది, అన్నీ ఎక్కడా తెగకుండా చుట్టూ సాగి మొదటి చోటికే వస్తాయి. చట్రంలో బిగించిన చిత్రానికి ఈ వీలు లేదు, అందుకే ఆ భూమిని చూపడానికి కుండ ఇంత చక్కగా అమరిందని నాకు అనిపిస్తుంది. మిషన్ రోజుల జ్ఞాపకాలు, పశువుల కాపరుల జీవితం, ఊరంతా ప్రాణంగా చూసుకునే ఫుట్‌బాల్ ఆటా కుండల మీదికి ఎక్కాయి. జూడిత్ పుంగ్‌కార్త ఇన్‌కమల, రోనా పనంగ్క రుబుంట్జా వంటి వారి పేర్లు ఈ కుండలతో పాటు దేశమంతటా తెలిశాయి.

కొనదలిస్తే కళాకారిణి పేరు, ఊరి పేరు, కుండ మీది కథ రాసి ఇచ్చే చోటే కొనండి. కళాకారుల సొంత కేంద్రం దగ్గర కొనడం అన్నిటికంటే మంచిది. నగరాల్లోని దుకాణమైతే, ఆదివాసీ కళాకారులతో న్యాయంగా వ్యవహరిస్తామని ఒప్పుకుంటూ ఇండిజినస్ ఆర్ట్ కోడ్‌లో చేరిందో లేదో అడగండి. చేసినవారి పేరు చెప్పలేని అమ్మకందారు దగ్గర, ధర ఎంత తక్కువైనా, కొనవద్దు.