పాలు తగ్గిస్తే ఇంటి అప్పు తీరుతుందా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నల్లగొండ. మా ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు, జీతం 40,000. నేను ఇంట్లోనే బ్లౌజులు కుట్టి, మగ్గం వర్క్ చేసి నెలకు 14,000 దాకా సంపాదిస్తాను. మూడేళ్ల కింద బ్యాంకులో 20 లక్షల లోన్ తీసుకుని ఇల్లు కట్టుకున్నాం. 20 ఏళ్ల గడువు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఈఎంఐ 17,356. గృహప్రవేశానికి మా చిన్నమామ దగ్గర నూటికి రెండు రూపాయల మిత్తికి 2 లక్షలు తెచ్చాం, దానికి నెలనెలా 4,000 ఇస్తున్నాం, అసలు మాత్రం అట్లనే ఉంది. ఇంటి లోన్ ఎనిమిదేళ్లలో తీర్చెయ్యాలని నా పట్టుదల. లీటరు పాలు అర లీటరు చేశాను, పాపకు డ్రాయింగ్ క్లాసు మాన్పించాను, వాటర్ క్యాన్లు బంద్ పెట్టి బోరు నీళ్లు కాచుకుని తాగుదామంటే మా అత్తమ్మ గొడవ పెట్టుకుంది. ఇట్ల నెలకు 5,000 మిగులుతున్నాయి. బీరువాలో నాలుగు తులాల బంగారం ఉంది కానీ దాన్ని ముట్టుకోనియ్యరు. పోయిన ఏడాది చుట్టాల ఫంక్షన్లకే 50,000 దాటింది, అవి తప్పేవి కావు కదా. మా ఆయనేమో లోన్ ఉంటే టాక్స్ తగ్గుతది, మెల్లగా కడదాం అంటారు. బాబు ఏడో తరగతి, పాప నాలుగు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. నేను చేస్తున్నది తప్పా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: చెల్లీ, అప్పు తొందరగా తీర్చాలనుకోవడంలో తప్పేం లేదు, మీ ఆత్రుత నాకు బాగా అర్థమవుతోంది. కానీ మీరు కోస్తున్నది కోయకూడని చోట, కట్టబోతున్నది మొదట కట్టకూడని చోట. ఈ రెండూ మారిస్తే ఇదే జీతంతో, ఇంట్లో ఇంత గొడవ లేకుండా, మీరు అనుకున్నదానికి చాలా దగ్గరగా వస్తారు.

ముందు మీ లోన్ ఎక్కడుందో చూద్దాం. మూడేళ్లలో 36 కిస్తీలు, అంటే దాదాపు 6,25,000 కట్టారు. అందులో అసలుకు పోయింది సుమారు 1,30,000 మాత్రమే, ఇంకా 18,70,000 దాకా బాకీ ఉంటుంది. (మూడేళ్లూ ఒకే వడ్డీ అనుకుని వేసిన లెక్క ఇది, మీ స్టేట్‌మెంట్‌లో కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు.) ఇందులో మోసమేమీ లేదు, బాకీ పెద్దగా ఉన్న మొదటి ఏళ్లలో కిస్తీలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. అందుకే మొదటి ఏళ్లలో అదనంగా కట్టే రూపాయికి బలం ఎక్కువ. ఇవాళ మీరు ఒక లక్ష అసలులో జమ చేసి, ఈఎంఐ అంతే ఉంచారనుకోండి, చివర్లో దాదాపు 22 కిస్తీలు ఎగిరిపోతాయి. ఆ 22 కిస్తీల విలువ 3,80,000 పైనే. ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసి మీ ఆయనకు చూపించండి, నేను చెప్పే పది మాటల కంటే ఆ కాగితం బాగా పనిచేస్తుంది, ఆయన లెక్కలు రాసే మనిషే కదా.

టాక్స్ సంగతి కూడా అక్కడే తేలిపోతుంది. ఆయన జీతం ఏడాదికి 4,80,000. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా జీతగాళ్లకు పన్నే లేదు. అసలు లేని పన్నులో తగ్గింపు ఎక్కడి నుంచి వస్తుంది? మీ ఇంటి వరకు ఆ కారణం చెల్లదు.

అయినా సరే, మీ 5,000 ఇప్పుడు ఇంటి లోన్‌కు కట్టొద్దు. ముందు చిన్నమామ అప్పు. మన దగ్గర నూటికి ఇంత అని మాట్లాడుకుంటాం కాబట్టి అదే లెక్కలో చెప్తాను: మీ ఇంటి లోన్ నూటికి నెలకు 71 పైసల మిత్తి, చిన్నమామది రెండు రూపాయలు. బ్యాంకు అప్పు పెద్దగా కనిపిస్తుంది కాబట్టి దానికి భయపడుతున్నారు, చుట్టాల అప్పు ఇంటి మనుషులది కాబట్టి వదిలేశారు, మిమ్మల్ని ఎక్కువ తింటున్నది మాత్రం అదే. 2 లక్షల మీద ఏడాదికి 48,000 మిత్తి ఇస్తున్నారు, అసలులో ఒక్క రూపాయి తగ్గకుండా.

ఇక్కడే ఆ నాలుగు తులాలు పనికొస్తాయి. అమ్మమని అనడం లేదు. బ్యాంకులో పెట్టి బంగారం లోన్ 2 లక్షలు తీసుకుంటే ఏడాదికి తొమ్మిది పది శాతం పడుతుంది, అంటే నూటికి 83 పైసల లోపే. ఆ డబ్బుతో చిన్నమామ అప్పు మొత్తం ఒకేసారి తీర్చెయ్యండి, నోటు రాసి ఉంటే వెనక్కి తీసుకుని చింపెయ్యండి. ఇప్పుడు మిత్తికి ఇస్తున్న 4,000కి మీ 5,000 కలిపి నెలకు 9,000 చొప్పున బంగారం లోన్‌కు కడితే సుమారు 25 నెలల్లో బంగారం తిరిగి మీ బీరువాలో ఉంటుంది. బంగారం బ్యాంకులో పెట్టడం పరువు తక్కువని ఇంట్లో ఎవరైనా అంటే, బ్యాంకు లాకర్లో పెట్టినట్టే అనుకోమనండి, ఎవరికీ చెప్పాల్సిన పనీ లేదు. ఒక్కటే జాగ్రత్త, కిస్తీలు తప్పితే వేలం దాకా పోతుంది, కాబట్టి ఆ 9,000 మీద చెయ్యి పడకూడదు.

ఆ తరువాత అదే 9,000 ఇంటి లోన్ వైపు తిప్పండి. అప్పటికి 17,60,000 చుట్టూ బాకీ ఉంటుంది. ఈఎంఐతో కలిపి నెలకు 26,356 పోతుంటే ఇంకో ఏడున్నర ఏళ్లలో అయిపోతుంది. మొత్తం మీద ఇవాళ్టి నుంచి తొమ్మిదిన్నర ఏళ్లు, ఇంకా మిగిలి ఉన్న 17 ఏళ్ల బదులు. ఎనిమిదేళ్లు అనే మీ పట్టు ఈ ఆదాయంతో నెరవేరదని నిజం చెప్పాలి. పెళ్లిళ్ల సీజన్‌లో మగ్గం వర్క్ డబ్బులు, మిల్లులో దసరాకు ఏమైనా ఇస్తే అది, అన్నీ కలిపి ఏడాదికి ఇంకో 30,000 వెయ్యగలిగితే తొమ్మిదేళ్లలోపు తీరుతుంది. అప్పటికి మీ బాబుకు డిగ్రీ అయిపోతుంది. పిల్లల పెద్ద చదువుల ఖర్చూ లోన్ చివరి ఏళ్లూ ఒకే సమయంలో మీద పడతాయి, ఇప్పుడే చెప్తున్నాను.

ఇక ఇల్లు నడపడం. పాలు మళ్లీ లీటరు చెయ్యండి, ఇవాళే. ఎదిగే పిల్లలిద్దరు, పెద్దావిడ ఉన్న ఇంట్లో అర లీటరు తగ్గిస్తే మిగిలేది నెలకు వెయ్యి రూపాయలు, దానికోసం పిల్లలు రోజూ ఇల్లు కట్టుకోవడమంటే ఏదో శిక్ష అనుకుంటూ పెరగకూడదు. పాప డ్రాయింగ్ క్లాసు కూడా మొదలుపెట్టండి. బోరు నీళ్ల విషయంలో మీ అత్తమ్మ నూటికి నూరు పాళ్లు కరెక్ట్. నేను దేవరకొండ వైపు పెరిగినదాన్ని, మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ఊళ్లలో ఫ్లోరైడ్‌తో వంగిపోయిన కాళ్లు, పచ్చబడ్డ పళ్లు కళ్లారా చూసినదాన్ని. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు పట్టుకుని వడపోసి తాగండి, క్యాన్ల ఖర్చు అట్లా తగ్గించుకోండి, బోరు నీళ్లు మాత్రం వంటకు కూడా వద్దు.

మరి డబ్బు ఎక్కడ మిగలాలి అంటారా, మీరు తప్పేవి కావు అని ఒక్క మాటలో దాటేసిన ఆ 50,000 దగ్గర. ధోతీ ఫంక్షన్, శారీ ఫంక్షన్, ఒడిబియ్యం, గృహప్రవేశం, బారసాల... మన జిల్లాల్లో పిలుపులకు లెక్క లేదు. పోకుండా ఉండమని చెప్పను, మనుషులు కావాలి. కానీ ప్రతి ఫంక్షన్‌కు కొత్త చీర, ఉంగరం, అందరికీ బట్టలు, కారు మాట్లాడుకుని పోవడం, ఇవి పిలిచినవాళ్లు అడిగినవి కావు, మనం తగ్గితే ఏమనుకుంటారోనని పెట్టేవి. ఏడాదికి 20,000 అని ఒక డబ్బా పెట్టుకోండి. దగ్గరి రక్తసంబంధానికి ఎంత, దూరపువాళ్లకు ఎంత అని ఆలుమగలిద్దరూ కూర్చుని ముందే రాసుకోండి. ఆడబిడ్డ ఇంట్లో ఫంక్షన్ అయితే డబ్బు తగ్గినా రెండు రోజులు ముందుపోయి పని చేయండి, ఆ సాయాన్ని ఏ ఆడబిడ్డా మరిచిపోదు. ఇట్లా ఏడాదికి 30,000 మిగులుతుంది, నెలకు 2,500. పాలూ డ్రాయింగ్ క్లాసూ తిరిగొచ్చినా ఇంకా వెయ్యి ఎక్కువే ఉంటుంది. ఆ వెయ్యి ఆపద డబ్బుగా ఆర్‌డీలో, అంటే నెలనెలా కట్టే డిపాజిట్‌లో, వెయ్యండి. లోన్‌లో ముందుగా కట్టిన డబ్బు మామూలుగా తిరిగి చేతికి రాదు కాబట్టి ఆసుపత్రి ఖర్చుకు విడిగా కొంత ఉండాలి, లేకపోతే మళ్లీ రెండు రూపాయల మిత్తికే పోతారు.

కారం, పసుపు గిర్నీలో పట్టించుకోవడం, కోతల తరువాత మిల్లు దగ్గర ఏడాది బియ్యం ఒకేసారి తీసుకోవడం మీకు నేను చెప్పాలా. ఒకటి మాత్రం చెప్తాను, మగ్గం వర్క్ సామాను నల్లగొండలో చిల్లరగా కొంటున్నట్టయితే రెండు నెలలకోసారి హైదరాబాద్ బేగంబజార్ పోయి హోల్‌సేల్‌లో తెచ్చుకోండి. 2023 డిసెంబర్ 9 నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కూడా ఆడవాళ్లకు టికెట్ ఖర్చు లేదు, ఆధార్ కార్డు చాలు.

ఇక చివరికి బ్యాంకులో జాగ్రత్త, ఇది నా సొంత అనుభవం. మేము అదనంగా కట్టినప్పుడు బ్యాంకువాళ్లు గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించారు, నెల కిస్తీ తగ్గిందని సంతోషపడ్డాం, ఏడాదిన్నర తరువాత స్టేట్‌మెంట్ చూస్తే గడువు ఒక్క నెల కూడా తగ్గలేదు. ఆ తగ్గిన డబ్బంతా ఎటు పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. అందుకే కట్టిన ప్రతిసారీ 'ఈఎంఐ ఇంతే ఉంచి గడువు తగ్గించండి' అని రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. మారే వడ్డీ ఉన్న ఇంటి లోన్ ముందుగా కడితే బ్యాంకు జరిమానా వెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పింది. ఈఎంఐ పోయిన మర్నాడే అదనపు డబ్బు కూడా పోయేట్టు పెట్టుకోండి, నెలాఖరు దాకా ఖాతాలో ఉన్న డబ్బు మిగలదు. 2025లో రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, 6.50 నుంచి 5.25 శాతానికి దిగింది, మీ వడ్డీ కూడా ఆ మేరకు తగ్గిందో లేదో అడగండి. తగ్గితే ఈఎంఐ తగ్గించుకోకండి, గడువే తగ్గించమనండి.

ప్రశ్న: మేడమ్, మాది మహబూబ్‌నగర్. 25 నెలల 5 లక్షల చిట్టీలో మూడో నెల నడుస్తోంది. ఇప్పుడే పాట పాడి ఇంటి లోన్‌లో కట్టమని మా బావ అంటున్నాడు. కట్టొచ్చా?

జవాబు: వద్దు. మొదటి నెలల్లో పోటీ ఎక్కువ, 1,25,000 వదులుకుని పాడితే చేతికొచ్చేది 3,75,000. తరువాతి 22 నెలలూ కడుతూనే ఉండాలి. డివిడెండ్, అంటే పాటలో వదులుకున్న డబ్బులో సభ్యులకొచ్చే వాటా, కొంత తిరిగొచ్చినా, లెక్క వేస్తే ఏడాదికి 20 శాతం దగ్గరి వడ్డీకి డబ్బు తెచ్చి ఎనిమిదిన్నర శాతం అప్పు తీర్చినట్టు. చివరి నెలల దాకా ఆగి, పాట బాగా తగ్గాక తీసుకుని అప్పుడు లోన్‌లో కట్టండి. మీ చిట్టీ 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి, తెలిసినవాళ్లు నడుపుతున్నారన్న నమ్మకం మీద 22 నెలలు ఎదురుచూడొద్దు.

ప్రశ్న: వనపర్తి నుంచి రాస్తున్నాను. వచ్చే నెలతో మా ఇంటి లోన్ అయిపోతుంది. ఇంటి కాగితాలు బ్యాంకు ఎప్పుడిస్తుంది?

జవాబు: ముందుగా మీకు, మీ ఇంట్లోవాళ్లకు అభినందనలు. పూర్తిగా కట్టిన 30 రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులు ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున మీకు పరిహారం చెల్లించాలి, 2023 డిసెంబర్ 1 నుంచి ఇది రిజర్వ్ బ్యాంకు నియమం. నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోండి. లోన్ అప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తనఖా రిజిస్టర్ చేయించి ఉంటే దాన్ని రద్దు చేయించి, తరువాత ఈసీ (ఇంటి మీద ఉన్న తనఖాలు చూపించే రిజిస్ట్రార్ ఆఫీసు పత్రం) తీసి చూడండి, అక్కడ బ్యాంకు పేరు ఇంకా కనిపిస్తుంటే రేపు ఇల్లు అమ్మాలన్నా పంచాలన్నా ఇబ్బంది. కాగితాలు చేతికొచ్చాక అక్కడే బ్యాంకులో కూర్చుని, లోన్ అప్పుడు ఇచ్చిన జాబితాతో ఒక్కొక్కటి సరిచూసుకుని సంతకం పెట్టండి. వాటికి లామినేషన్ మాత్రం చేయించకండి, మంచి కవర్లో పెట్టి దాచుకుంటే చాలు.