ఫొటోలో ఉండేది ఆ ఒక్క రోజే

తమ్ముడూ,

పాత రేసు కారు ఫొటో ఒకటి పట్టుకుని నువ్వు రాసిన వ్యాసం నిన్న రాత్రి చదివాను. ఫొటో కూడా పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను. భాష బాగుంది, ఆపకుండా చదివిస్తుంది. కానీ మొదటి వాక్యంలోనే "ఎర్రటి ఫెరారీ" అన్నావు, నేను అక్కడే ఆగిపోయాను. బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో నీకు ఎరుపు ఎక్కడ కనబడిందయ్యా? ఇటలీ రేసు కారు కదా, ఎరుపే అయ్యుంటుందిలే అని వేసేశావు. ఆ ఫిల్ముల్లో ఎరుపూ ముదురు ఆకుపచ్చా ఒకే బూడిద రంగులో పడొచ్చు. ఇంకా పాతకాలపు ఆర్థోక్రొమాటిక్ ఫిల్మయితే దానికి ఎరుపు కనబడనే కనబడదు, ఎర్ర ఆల్ఫా రోమియో కూడా నల్లగా దిగుతుంది. బెల్జియం టీము వాళ్ళయితే ఫెరారీలకు పసుపు రంగేసి పరిగెత్తించారు. "ముదురు రంగు కారు" అని రాస్తే నీకు పోయేదేముంది?

తర్వాత స్టీరింగు. కుడివైపు ఉంది కాబట్టి ఇంగ్లండుకు అమ్మిన కారు అన్నావు. మనం కుడి స్టీరింగు చూస్తూ పెరిగినవాళ్ళం, అలా తట్టడం సహజమే. కానీ ఇటలీలో రోడ్డుకు కుడివైపు నడుపుతూ కూడా ఆల్ఫా రోమియో వాళ్ళు 1950లో "1900" అనే మోడల్ తెచ్చేదాకా స్టీరింగు కుడివైపే పెట్టేవాళ్ళు. రేసు కార్లలో ఆ అలవాటు ఆ తర్వాత కూడా చాలాకాలం ఉంది.

నిన్ను అంటున్నాను గానీ, నేను అంతకంటే ఘోరం చేశాను. కొత్తలో ఒక పత్రికకి రాస్తూ, ఎడమ స్టీరింగు ఉన్న ఒక పాత కారు ఫొటో పట్టుకుని, అది అమెరికా కొనుగోలుదారు కోసం ప్రత్యేకంగా చేయించిందని మూడు పేజీల కథ అల్లాను. అచ్చయ్యాక ఒక పాఠకుడు ఒకే ఒక్క లైను రాశాడు, డ్రైవరు కోటు గుండీలు చూడండి అని. మగవాళ్ళ కోటు ఆడవాళ్ళ కోటులా రెండోవైపుకి మూసి ఉంది. నెగెటివ్ తిరగేసి ప్రింటు వేశారన్నమాట, అంటే అసలు కారులో స్టీరింగు కుడివైపే. కారు నంబరు 8, తిప్పినా 8లాగే ఉంటుంది కాబట్టి నాకు తెలియలేదు. ఇప్పటికీ గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

నీ ఫొటో ఇటలీలోని మిల్లే మిల్యా రోడ్డు రేసులోదని ఎలా తేల్చావో రాయలేదు. నా లెక్కలో అదే అసలు కథ, పాఠకుడికి దాన్నే చూపించాలి. బ్రెష్యాలో బయల్దేరి రోమ్ దాకా వెళ్ళి మళ్ళీ బ్రెష్యాకే వచ్చే ఆ రేసులో 1949 నుంచి కారు నంబరంటే అది బయల్దేరిన టైము. 1955లో స్టిర్లింగ్ మాస్ గెలిచిన మెర్సిడెస్ మీద 722 ఉంటుంది, అంటే పొద్దున 7:22. పది గంటల ఏడు నిమిషాల్లో తిరిగొచ్చేశాడు. నీ ఫొటోలో నంబరు చూడు, నీడ పొడవు చూడు, ఆ రెండూ కలుస్తున్నాయో లేదో చూడు. తెల్లారుజామున బయల్దేరిన కారు కింద నీడ పొట్టిగా ఉంటే అది ఎక్కడో దారి మధ్యలో ఉందని అర్థం.

నంబరు ప్లేటు మీద ఎం.ఓ. ఉంది కాబట్టి మోదెనా ప్రావిన్సు కారు అన్నావు. ఆ రోజుకి సరే. కానీ అప్పట్లో యజమాని ఇంకో ప్రావిన్సుకి మారితే కారుకి కొత్త ప్లేటు పడేది. మోదెనా, మిలాన్, రోమ్ ప్లేట్లతో మూడు ఫొటోలుంటే మూడు కార్లూ కావచ్చు, ఒకే కారూ కావచ్చు. అందులోనూ రేసు టీములు సరిహద్దుల్లో కస్టమ్స్ కాగితాలకి సరిపోవాలని ఒక కారు ఛాసీ (అడుగు చట్రం) నంబరుండే ప్లేటు తీసి ఇంకోదానికి బిగించిన సందర్భాలున్నాయి.

బాడీని నమ్ముదామా అంటే అదీ కుదరదు. 1961లో మామూలు ఫెరారీ 250 జీటీగా పరిగెత్తిన 2819 నంబరు ఛాసీకి మరుసటేడు బిజ్జరీనీ అనే ఇంజినీరు పూర్తిగా వేరే బాడీ తొడిగించాడు. వెనక భాగం డబ్బాలా ఉందని అందరూ దాన్ని బ్రెడ్ వ్యాన్ అన్నారు. ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే ఒకే కారని ఎవరూ అనరు. ఫెరారీలకు బాడీలు చేసిన స్కాలియెత్తి షాపులో అల్యూమినియం రేకుని చేత్తో కొట్టి చేసేవాళ్ళు కాబట్టి అక్కడి కార్లలో ఒకే మోడల్‌వైనా రెండు అచ్చంగా ఒకేలా ఉండవు. మనకి పనికొచ్చేది అదే. బాడీ మీద గాలి పోయే గాడులు ఎన్ని, రివెట్లు ఎక్కడ, పెట్రోలు మూత ఏ పక్క, ఇవి లెక్కపెట్టు. మొత్తం ఆకారం చూసి మురిసిపోకు.

ఇక నీ చివరి పేరా. ఆ కారే ఇవాళ ఫలానా గ్యారేజీలో ఉంది అని ఒక్క ముక్కలో తేల్చేశావు. తమ్ముడూ, ఫొటో ఆ ఒక్క రోజుకే సాక్షి. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా కారు ఎవరెవరి చేతులు మారిందో, ఇటలీ రిజిస్టరు కాగితాలేం చెబుతున్నాయో చూడకుండా ఆ వాక్యం రాయకూడదు. ఇందులో డబ్బు చాలా ఉంది. ఫ్రాన్సులో ఒక షెడ్డులో పాత పత్రికల కట్టల కింద దొరికిన ఫెరారీ కాలిఫోర్నియా స్పైడర్ 2015లో పారిస్ వేలంలో కోటీ అరవై లక్షల యూరోలు దాటింది. ఫ్రెంచి సినిమా నటుడు అలెన్ డెలాన్ దాంట్లో కూర్చున్న పాత ఫొటోలు ఉండటం కూడా అందులో ఒక కారణం. ఒక ఫొటోకి అంత విలువ ఉన్నప్పుడు, దాని కింద మనం ఊరికే రాసిన మాటని రేపు ఎవడో ఆధారంగా చూపిస్తాడు.

నువ్వు ఫొటో ముందువైపే పంపావు. వెనకవైపు కూడా స్కాన్ చేసి పంపు. స్టూడియో ముద్ర ఉందా, పెన్సిల్ రాత ఉందా, ఉంటే అది అప్పటి రాతా, అమ్మినవాడు మొన్న గీకిందా అనేది కలిసి చూద్దాం. అప్పటిదాకా వ్యాసం ఎవరికీ ఇవ్వకు.

మీ అన్నయ్య