చీటీ డబ్బుతో కామిక్ చిత్రాల సేకరణ మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న: పర్లాకిమిడిలో ఉపాధ్యాయురాలిని. ఇంటి ఖర్చు నెలకు 35,000 రూపాయలు. బ్యాంకులో 60,000 ఉన్నాయి, బంగారం మీద 70,000 అప్పు ఉంది, మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 5,000 సిప్ కడుతున్నాను. వచ్చే నెల 2,00,000 చీటీ డబ్బు చేతికి వస్తుంది. చిత్రకారులు చేత్తో గీసిన అసలు కామిక్ పేజీలు, పత్రికల బొమ్మలు సేకరించాలని ఎప్పటి నుంచో కోరిక. వడ్డాది పాపయ్య గారి అసలు చిత్రమంటూ ఆన్‌లైన్‌లో ఒకరు 45,000 అడుగుతున్నారు. మా నాన్నగారు గార్డుగా పనిచేసిన నౌపడ–గుణుపురం చిన్న రైలు కథను ఒక యువ చిత్రకారుడి చేత రెండు పేజీల కామిక్‌గా గీయించుకోవాలనీ ఉంది. సిప్ ఆపి అయినా దీన్ని పెట్టుబడిగా మొదలుపెట్టవచ్చా?

జవాబు: సేకరణ తప్పక మొదలుపెట్టండి, కానీ దానిని పెట్టుబడుల పద్దులో రాయకండి. బంగారానికి ప్రతి ఉదయం ధర తెలుస్తుంది, ఏ ఊళ్లోనైనా కొనేవారుంటారు. మన దేశంలో కామిక్ అసలు పేజీలకు అటువంటి సంత ఇంకా ఏర్పడలేదు. రేపు మీకు అవసరం వచ్చి అమ్మదలచుకుంటే ఆ చిత్రకారుణ్ణి ఇష్టపడే మరొక సేకర్త దొరికేదాకా ఆగవలసిందే. అందువల్ల సిప్ ఆపవద్దు. చీటీ డబ్బులో మొదట 70,000తో బంగారం విడిపించుకోండి. ఆ అప్పు మీద వడ్డీ నెలనెలా ఖాయంగా పోతోంది, బొమ్మ ధర పెరుగుతుందన్నది ఆశ మాత్రమే. మరో 80,000 బ్యాంకులో ఉన్న 60,000కు కలిపితే నాలుగు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంటుంది. మిగిలే 50,000లో ఈ ఏడాది సేకరణకు 20,000 మించకుండా వాడి, మిగతాది డిపాజిట్ చేయండి. ఈ లెక్కలో 45,000 చిత్రానికి చోటు లేదు.

చోటు ఉన్నా ఆ చిత్రం విషయంలో తొందరపడవద్దనే చెబుతాను. పాపయ్య గారు మీకు పొరుగునే ఉన్న శ్రీకాకుళంలో పుట్టినవారు, ‘వపా’ సంతకాన్ని గుర్తుపట్టని తెలుగు పాఠకులు అరుదు. పేరు ఎంత పెద్దదైతే నకళ్లకు అంత గిరాకీ. పాత పత్రిక ముఖచిత్రాన్ని కత్తిరించి, ఫ్రేము కట్టి అసలుదిగా అమ్మడం అతి సులువు. భూతద్దం పెట్టి చూస్తే అచ్చు బొమ్మలో రంగులన్నీ సన్నని చుక్కలుగా విడిపోతాయి. చేత్తో వేసిన దానిలో కుంచె ఆగిన చోట రంగు చిక్కబడి ఉంటుంది, అంచుల్లో పెన్సిలు గీతలు మిగిలి ఉంటాయి. కామిక్ పేజీ అయితే సిరా గీతను దిద్దిన తెల్లరంగు, విడిగా రాసి అతికించిన మాటల చీటీలు కూడా కనిపించవచ్చు. పైగా అసలు పేజీ సాధారణంగా అచ్చయిన దానికంటే పెద్దది. బొమ్మ వెనుక వైపు ఫొటో, పక్క నుంచి వెలుతురు పడేలా తీసిన ఫొటో పంపమనండి. పత్రిక కార్యాలయం నుంచి అది ఎవరి చేతికి, ఎలా వచ్చిందో కాగితం మీద రాసి ఇమ్మనండి. ఇవ్వలేనివారి దగ్గర కొనకండి.

మీ రెండో ఆలోచన నాకు ఎంతో నచ్చింది. పర్లాకిమిడి రాజావారి చొరవతో 1900లో మొదలైన ఆ లైను నేరోగేజి రోజులు మీ నాన్నగారి వంటివారి జ్ఞాపకాల్లోనే మిగిలాయి. గీసిన మనిషి మీ ఎదుటే ఉంటారు కనుక బొమ్మ అసలుదా కాదా అన్న సందేహమే రాదు. అయితే డబ్బు ఇచ్చే ముందు అన్నీ రాసుకోవాలి: కాగితం కొలత, పేజీకి ఎన్ని గళ్లు, నలుపు సిరాయా రంగులా, పెన్సిలు దశలో ఎన్నిసార్లు మార్పులు అడగవచ్చు, ఎప్పటికి ఇస్తారు, దానిని మీరు గాని వారు గాని అచ్చు వేయవచ్చా అన్నది. సగం బయానా, మిగతా సగం పూర్తయిన పేజీ చూశాక అన్నది న్యాయమైన పద్ధతి. అన్నిటికంటే ముఖ్యంగా కాగితం మీద గీస్తారా, ట్యాబ్లెట్ మీద గీస్తారా అని అడగండి. ట్యాబ్లెట్ మీద గీసిన దానికి ప్రింటే తప్ప అసలు పేజీ అంటూ ఉండదు. ధర బేరమాడి తగ్గించే బదులు రెండు పేజీలను ఒకటి చేయండి. మంచి గీతకు పట్టే రోజుల శ్రమ వారిది.

చెల్లింపులు బ్యాంకు ద్వారానే చేసి రసీదులు దాచండి. ఇంట్లో వాడుకునే మామూలు వస్తువులు అమ్మితే లాభంపై పన్ను ఉండదు గాని, చిత్రాలకు ఆ మినహాయింపు లేదు. రెండేళ్లు దాటాక అమ్మితే ప్రస్తుతం లాభంపై 12.5 శాతం, సెస్ అదనం. అంతకు ముందే అమ్మితే లాభం మీ జీతంతో కలుస్తుంది. కొన్న ధరకు రుజువు లేకపోతే లాభం ఎంతో నిరూపించడం కష్టం.

20,000లో రెండు మూడు వేలు భద్రతకు కేటాయించండి. మీ ప్రాంతపు వానాకాలం చెమ్మ, చెదలు కాగితానికి శత్రువులు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ఎలా ముంచెత్తిందో మీకు చెప్పనక్కరలేదు. లామినేషన్ మాత్రం ఎన్నడూ చేయించకండి, అది బొమ్మను శాశ్వతంగా పాడుచేస్తుంది. ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టి, పాలియెస్టర్ కవరులో ఉంచి, నేలకు ఎత్తుగా ఉన్న బీరువాలో దాచండి. గోడకు స్కాన్ ప్రతిని తగిలించుకోండి, ముఖ్యంగా మార్కర్ రంగులైతే ఎండ తగిలి వెలిసిపోతాయి. సేకరణ విలువ లక్ష దాటిన నాడు ఇంటి బీమాలో విలువైన వస్తువుల కింద, ముందే ఒప్పుకున్న ధరకు ఈ చిత్రాలను విడిగా చేర్పించండి. ఇప్పటికి ఆ ప్రీమియం అవసరం లేదు.