బండ్లు మాట్లాడుకునే ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి తిరుపతిలో బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం. వాహనాలు వైర్‌లెస్‌లో ఒకదానికొకటి ట్రాఫిక్ సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం మీద ప్రాజెక్టు చేస్తానంటోంది. దాంతో ఉద్యోగం వస్తుందా? ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించేదా?

జవాబు: చేయనివ్వండి. కాకపోతే అందులో ఏ భాగం పట్టుకుంటుందన్నదే ముఖ్యం. చాలామంది పిల్లలు రెండు బొమ్మకార్లకు వైఫై తగిలించి, ఒకటి పంపింది రెండోదానికి చేరగానే పనైపోయిందనుకుంటారు. పంపడం ఎప్పుడో తేలిన సంగతి. దానికోసం 802.11పి అనే, బండ్ల కోసం మార్చిన వైఫై ప్రమాణం 2010లోనే వచ్చింది. బండి తన చోటు, వేగం, దిశ సెకనుకు 10 సార్లు దాకా చెప్పగలదు.

కష్టమంతా వచ్చిన కబుర్లను కలపడంలోనే. తిరుమల నుంచి దిగే ఘాట్‌లో మలుపు అవతల బస్సు ఆగిపోయిందనుకోండి. ఈ కబుర్లు పోయే 5.9 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలకు కొండ అడ్డం. కబురు మధ్యలో ఉన్న జీపులూ కార్ల మీదుగా వెనక్కి రావాలి. వెనకున్న కారుకి అది మూడు దారుల్లో అందితే ముగ్గురు సాక్షులున్నట్టా? చూసింది ఒక్కరే, తక్కినవాళ్లు విని చెప్పారు. ఊళ్లో పుకారు బలపడేదీ ఇలాగే కదా. పైగా ఆ కబురు ఎంత పాతది, జీపీఎస్ ఎన్ని మీటర్లు తప్పుతోంది, ఎవరైనా కావాలని అబద్ధం పంపారా అన్నవీ చూడాలి. తప్పులున్న కొలతల నుంచి అసలు విలువను అంచనా కట్టే 1960 నాటి లెక్క, కాల్మన్ ఫిల్టర్, ఇక్కడ మొదటి మెట్టు. ఒకే కబురు పదేపదే లెక్కలోకి వచ్చే చిక్కుకి కోవేరియన్స్ ఇంటర్‌సెక్షన్ అనే పద్ధతి ఉంది. కాబట్టి ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా అంటే అమ్మాయికి ఇష్టమేనా అని అడగండి. మార్కులు అడక్కండి.

ఖర్చు గురించి భయపడొద్దు. అసలు బండ్లు లేకుండా కంప్యూటర్‌లోనే నడిపి చూసే సాఫ్ట్‌వేర్లున్నాయి. సుమోలో ట్రాఫిక్, ఓమ్‌నెట్‌లో నెట్‌వర్క్, రెంటినీ కలిపే వీన్స్... చదువుకునేవాళ్లకు మూడూ ఉచితమే. రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే షాపుల వైపు మాత్రం పోనివ్వకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఉన్నమాట చెప్పాలంటే, అచ్చంగా ఈ పేరుతో ఉద్యోగాలు మన దగ్గర తక్కువ. కానీ ఈ కలిపే విద్యనే సెన్సర్ ఫ్యూజన్ అంటారు, అది వచ్చినవాళ్లకి బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల్లోని ఆటోమొబైల్ సాఫ్ట్‌వేర్ టీముల్లో పని ఉంటుంది. తిరుపతి ఐఐటీలోని నవావిష్కార్ ఐ-హబ్ పొజిషనింగ్ (ఏది ఎక్కడుందో కచ్చితంగా కనిపెట్టడం) మీద, హైదరాబాద్ ఐఐటీలోని తిహాన్ డ్రైవర్ లేని వాహనాల మీద పనిచేస్తున్నాయి. వాళ్ల ఇంటర్న్‌షిప్ ప్రకటనలు చూస్తూ ఉండమనండి.

ఇక కోర్సు అంటారా, సీ ప్లస్ ప్లస్ గట్టిగా నేర్పేదైతే ఈ సెలవుల్లోనే చేర్పించండి. మిగతావి ప్రాజెక్టు అయ్యాక చూద్దాం.