కంట్లో పెట్టే చిప్ తయారుచేయాలంటే బైపీసీ చదవాలా?

ప్రశ్న: మాది ఆమదాలవలస. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. మా నాన్నగారికి రెటినైటిస్ పిగ్మెంటోసా వల్ల చూపు దాదాపు పోయింది. తాతకు చూపు తెప్పించే పరికరం తయారుచేస్తానంటోంది మనవరాలు. అలాగైతే బైపీసీ తీసుకోవాల్సిందేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్. మా బావగారేమో ఇవన్నీ మనకెందుకు, సీఎస్‌ఈలో చేర్పించెయ్ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: గ్రూపు మార్చకండి. ఆమెకు కావలసింది ఎంపీసీయే.

మీ నాన్నగారి జబ్బులో వెలుగును పట్టే కణాలు చచ్చిపోతాయి. వాటి నుంచి కబురందుకునే నరాల కణాలు చాలావరకు మిగులుతాయి. వాటికి సన్నని కరెంటుతో కబురందించడమే చిప్ పని. అమెరికాలో 2013లో అనుమతి పొందిన ఆర్గస్-2 ఇలాగే పనిచేసేది. కళ్లజోడులో కెమెరా, నడుముకు చిన్న ప్రాసెసర్, కంటి లోపలి తెర రెటీనా మీద కరెంటు అందించే 60 ఎలక్ట్రోడ్లు. పెట్టుకున్నవారికి మనిషి ముఖం కనపడదు. మినుకుమినుకుమనే మచ్చలు కనిపిస్తాయి, వాటిని బట్టి ఇది గుమ్మం, ఇది కిటికీ అని పోల్చుకోవడం నెలల తరబడి నేర్చుకోవాలి. తర్వాత వచ్చిన ప్రిమా చిప్ 2 మిల్లీమీటర్ల ముక్క, 378 పిక్సెళ్లు. వైరు లేదు. కళ్లజోడు నుంచి పడే పరారుణ కాంతే దానికి బొమ్మా, కరెంటూ. వయసు మీద పడ్డాక మాక్యులా (రెటీనా నడిమి భాగం) దెబ్బతిన్నవారి మీద పరీక్షించి 2025లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది పూర్తిచేసిన 32 మందిలో 26 మందికి చూపు చెప్పుకోదగ్గంతగా మెరుగైంది, కొందరు అక్షరాలు చదివారు.

ఇందులో డాక్టరు పని ఆపరేషన్, ఆ తర్వాతి శిక్షణ. మిగతాదంతా సర్క్యూట్లు, సిగ్నల్ ప్రాసెసింగ్, మెటీరియల్స్. అన్నిటికంటే మొండి సమస్య చిప్‌ను ఏళ్ల తరబడి బతికించడం. కళింగపట్నం వైపు ఇళ్ల కిటికీ ఊచలను ఉప్పుగాలి ఎలా తినేస్తుందో చూసే ఉంటారు. కంటి లోపలిదీ ఉప్పునీరే. ఆ నీటిని చిప్ లోపలికి రానివ్వకూడదు, చిప్ వేడెక్కకూడదు. పరికరం నిలిచినా కంపెనీ నిలవకపోవచ్చు. ఆర్గస్-2 తయారుచేసిన సెకండ్ సైట్ కంపెనీ 2019లో దాని తయారీ ఆపేసింది. అప్పటికే కంట్లో పెట్టించుకున్నవాళ్లు రిపేరు చేసే దిక్కు లేక అవస్థపడ్డారు. ఈ సంగతి అమ్మాయికి తప్పకుండా చెప్పండి.

ఇక కోర్సు. బీటెక్‌లో ఈసీఈ నా మొదటి ఓటు, తర్వాత ఈఈఈ. జేఈఈలో మంచి ర్యాంకు వస్తే ఐఐటీ హైదరాబాద్, ఎన్‌ఐటీ రూర్కెలాల్లో బయోమెడికల్ ఇంజినీరింగ్ ఉంది. రాకపోతే దిగులొద్దు, రాజాం, టెక్కలి, విజయనగరం కాలేజీల్లో ఈసీఈ చదివి, గేట్ రాసి, ఎంటెక్‌లో బయోమెడికల్ వైపు తిరగవచ్చు. అవసరమైన జీవశాస్త్రం అప్పుడు నేర్చుకోవచ్చు. ఎలక్ట్రానిక్స్ పునాది మాత్రం అప్పుడు వేసుకోవడం కష్టం. కోర్సు పేరులో ‘బయోమెడికల్’ ఉంది కదాని ల్యాబులు కూడా లేని ప్రైవేటు కాలేజీలో లక్షలు పోయకండి. సీఎస్‌ఈ తీసుకున్నా తలుపు మూసుకుపోదు, కెమెరా బొమ్మను చిప్‌కు తగ్గట్టు మార్చేది సాఫ్ట్‌వేరే.

బావగారి భయమూ అర్థం లేనిది కాదు. రెటీనా చిప్ పేరుతో క్యాంపస్ ప్లేస్‌మెంట్లు జరగవు. పీహెచ్‌డీ దాకా వెళ్లాల్సిందే, అంటే బీటెక్‌తో కలిపి పదేళ్ల పైమాటే. కానీ అన్నాళ్లూ మీ జేబే కాయనక్కర్లేదు. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్, పీహెచ్‌డీకి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000. మధ్యలో మనసు మారినా ఆ చదువుతో చిప్ డిజైన్, ఎంబెడెడ్ ఉద్యోగాలు ఉంటాయి. పేస్‌మేకర్లు, చెవిలో పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్లు కూడా ఈ కోవలోవే. వైద్య పరికరాలకంటూ విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది. సెలవుల్లో ఓసారి తీసుకెళ్లి చూపించండి, ముందుగా అనుమతి అడగండి.

తాతకు చూపు తెస్తానని ఆమె మాటివ్వకుండా చూడండి. అది ఆ వయసు పిల్ల మోసే బరువు కాదు. ఆయనను విశాఖలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లి, మిగిలిన చూపుతో పనులు చేసుకునే శిక్షణ గురించి అడగండి. ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కాబట్టి అదే రోజు అమ్మాయి కళ్లు కూడా పరీక్ష చేయించండి. ఇంట్లో మేనరికాలుంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి.