తారు అంటిన వలలకు పరిహారం అడగొచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా గార మండలంలో తీరం పక్క ఊరు. నాన్న, బాబాయి ఫైబర్ బోటు మీద వేటకెళ్తారు. మార్చి రెండో వారంలో ఒకరోజు తెల్లవారుజామున వల లాగితే చేపలతో పాటు నల్లటి తారు ముద్దలు వచ్చాయి. నీళ్ళ మీద రంగురంగుల తెట్టు కట్టింది. ఆ రోజు పడిన కవళ్ళు, కానాగంతలు డీజిల్ వాసన కొడుతున్నాయని సావుకారు తిప్పి పంపేశాడు. రెండు వలలు పాడయ్యాయి. ఆ తర్వాత వేట నిషేధం దాకా మావాళ్ళు దాదాపు సముద్రంలోకి వెళ్ళనే లేదు. వీఆర్వో వచ్చి ఫొటోలు తీసుకెళ్ళారు. ఒక ఆఫీసుకెళ్తే సముద్రం మా పరిధి కాదన్నారు. ఆ చమురు ఏ ఓడదో, ఏ కంపెనీదో మాకు తెలీదు. బోటు బాబాయి పేరు మీద ఉంది. అమ్మ, పిన్ని ఎండుచేపలు అమ్ముతారు. మూడు నెలలు దాటిపోయింది. ఇప్పుడు కేసు వేయొచ్చా? ఎవరి మీద వేయాలి?
- ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: వేయొచ్చు. ఆలస్యమేమీ కాలేదు. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో వేయాలి. జాతీయ హరిత ట్రైబ్యునల్ చట్టం, 2010లో రెండు గడువులున్నాయి. కాలుష్యం సంగతి తేల్చమని, బాధ్యుల మీద చర్యకు ఆదేశించమని అడగడానికి 14వ సెక్షన్ కింద ఆరు నెలలు. తగిన కారణం చూపిస్తే మరో 60 రోజులు ఇవ్వొచ్చు. నష్టపరిహారం అడిగేది 15వ సెక్షన్ కింద. దానికి ఐదేళ్ళు. మీకు కావలసింది ముఖ్యంగా రెండోదే అయినా, మొదటిది లేకపోతే చమురు ఎవరిదో తేలదు. అందుకని రెండూ కలిపి, సెప్టెంబరు రెండో వారం దాటకుండా దాఖలు చేసుకోండి. మన రాష్ట్రానికి చెన్నైలోని దక్షిణ మండల బెంచి వర్తిస్తుంది.

గడువు కంటే నాకు టెన్షన్ పెట్టేది ఆ రెండు వలలు. వాటిని ఏం చేశారో మీరు రాయలేదు. మన తీరంలో ఇలాంటప్పుడు కిరసనాయిలు పెట్టి కడిగేస్తారు, లేదంటే ఇసుకలో కాల్చేస్తారు. మీవాళ్ళు ఆ పని చేయకుండా పాకలో ఓ మూల పడేసి ఉంటే మీ కేసు సగం నిలబడ్డట్టే. ముడిచమురుకైనా ఓడ ఇంధనానికైనా దాని రసాయన కూర్పే దాని వేలిముద్ర. ఎండకు, అలలకు తేలిక భాగాలు పోతాయి. కానీ హోపేన్ల లాంటి మొండి పదార్థాలు నెలల తరబడి ఆ తారులో అలాగే ఉంటాయి. వాటిని ల్యాబులో పరీక్షించి, అనుమానమున్న ఓడ ట్యాంకులోని నమూనాతో పోల్చి చూడొచ్చు. మూడు నెలలైనా ఆశ ఉందన్నది అందుకే.

అయితే మీరు సొంతంగా తారు గీకి సీసాలో పెట్టి పంపితే దానికి విలువ తక్కువ. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, కలెక్టరుకు అర్జీ పెట్టి, అధికారి ఊరికి వచ్చి పెద్దల సమక్షంలో నమూనా తీసి సీలు వేసేలా అడగండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తప్పకుండా తీసుకోండి. అధికారి వచ్చేలోపు వలను ఎండ తగలకుండా విడిగా ఉంచండి. తారు ముద్దలు మిగిలి ఉంటే మూత ఉన్న గాజు సీసాలో పెట్టండి. ప్లాస్టిక్ డబ్బా వద్దు, ప్లాస్టిక్‌లోని రసాయనాలు నమూనాలో కలిసిపోతాయి.

ఫొటోల గురించి ఒక మాట. వీఆర్వో గారు తీసినవి ఎక్కడికి వెళ్ళాయో సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. అదే అర్జీలో, మార్చి నెలలో ఆ తీరంలో మండలి ఏమైనా నీటి పరీక్షలు చేసిందా అని కూడా అడగండి. మీ ఊరి కుర్రాళ్ళ ఫోన్లలో ఉన్నవి మాత్రం తీసిన ఫోన్‌లోనే భద్రంగా ఉండాలి. వాట్సాప్‌లో చేతులు మారిన ఫొటోలో తీసిన తేదీ, సమయం సాధారణంగా మిగలవు. ట్రైబ్యునల్ ముందు పెట్టేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు ఇచ్చే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయడం మంచిది. అది మీ వకీలు చూసుకుంటారు, ఫోను మాత్రం అమ్మేయకండి.

ఇక ఎవరి మీద వేయాలన్న ప్రశ్న. ఓడ పేరు తెలియకపోవడం దరఖాస్తుకు అడ్డు కాదు. కాలుష్య నియంత్రణ మండలి, జిల్లా కలెక్టరు, కోస్ట్ గార్డు, మత్స్యశాఖలను ప్రతివాదులుగా చేర్చి, మూలాన్ని కనిపెట్టడానికి ఉమ్మడి కమిటీ వేయమని కోరవచ్చు. ట్రైబ్యునల్ ఇలాంటి కమిటీలు తరచూ వేస్తుంది. ఆ కమిటీ ఏం వెతకాలో మీ దరఖాస్తులోనే రాయడం తెలివైన పని. పెద్ద ఓడలన్నీ తమ ఉనికిని ఏఐఎస్ అనే పరికరం ద్వారా ప్రసారం చేస్తూ ఉంటాయి. ఆ రికార్డులు చూస్తే మార్చి రెండో వారంలో మీ తీరానికి ఎదురుగా ఏయే ఓడలు వెళ్ళాయో తెలుస్తుంది. యూరప్ వాళ్ళ సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహం చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. చమురు తెట్టు ఆ చిత్రాల్లో నల్ల మచ్చగా కనిపిస్తుంది. ఆ ఉపగ్రహం మీ తీరం మీదుగా రోజూ వెళ్ళదు, కాబట్టి ఆ వారం చిత్రం ఉండొచ్చు, లేకపోవచ్చు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రంలో పడిన చమురు ఎటు కొట్టుకుపోతుందో అంచనా వేస్తుంది. ఆ లెక్కను వెనక్కి నడిపించి, మీ తీరం చేరిన చమురు ఎక్కడ పడి ఉంటుందో రాబట్టమని అడగొచ్చు. మన తూర్పు తీరంలో ఫిబ్రవరి నుంచి మే దాకా తీరం వెంబడి ప్రవాహం ఉత్తరానికి సాగుతుంది, అక్టోబరు తర్వాత దక్షిణానికి తిరుగుతుంది. అంటే మార్చిలో మీ వలకు అంటిన తారు ఎక్కువగా దక్షిణం వైపు నుంచి వచ్చి ఉండాలి. గాలి కూడా దాన్ని నెడుతుంది కాబట్టి ఇది ఊహే తప్ప రుజువు కాదు. వెతకడం ఎటునుంచి మొదలుపెట్టాలో మాత్రం చెబుతుంది.

ఓడలకు చమురు కలిసిన నీళ్ళు వదిలే హక్కు అసలే లేదా అంటే, కొంత ఉంది. మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఇంజను గది అడుగున చేరిన నీటిని వడకట్టే యంత్రం గుండా పంపి, పది లక్షల భాగాల్లో చమురు 15 భాగాలకు మించకుండా, ఓడ నడుస్తూ ఉండగా వదలొచ్చు. అలా వదిలిన నీటి నుంచి వలకు అంటుకునేంత తారు ముద్దలు రావు. యంత్రాన్ని తప్పించి దొంగ పైపు వేసి రాత్రిపూట వదిలేసేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు, కొన్ని దేశాల్లో పట్టుబడి భారీ జరిమానాలు కట్టారు కూడా. ఓడలో చమురు రికార్డు పుస్తకం ఉంటుంది. ఏ ట్యాంకులోంచి ఏ ట్యాంకులోకి ఎంత పంపారో అందులో రాయాలి. ఆ లెక్కల్లో తేడా వస్తే అదే సాక్ష్యం.

అవతలి వకీలు మొట్టమొదట అడిగేది ఇదే: "ఆ నూనె మీ బోటు ఇంజనుదే కాదా?" దీనికి సిద్ధంగా ఉండండి. మన జెట్టీల దగ్గర పాత ఇంజను ఆయిల్‌ను సముద్రంలోనే పారబోస్తారన్నది అబద్ధం కాదు. కానీ బోటులో వాడే డీజిల్, లూబ్ ఆయిల్ వేరు, ముడిచమురు, పెద్ద ఓడల్లో వాడే చిక్కటి ఫర్నేస్ ఆయిల్ వేరు. ల్యాబు పరీక్షలో ఆ తేడా స్పష్టంగా తేలిపోతుంది. నమూనా మీద నేనింత పట్టుపట్టడానికి ఇదీ ఒక కారణం.

ఓడ దొరికిందనుకోండి, దారులు పెరుగుతాయి. అది చమురు ట్యాంకరైతే, అంతర్జాతీయ ఒప్పందాల ప్రకారం యజమాని తప్పున్నా లేకున్నా పరిహారమివ్వాలి. నష్టం యజమాని బాధ్యత పరిమితి దాటితే 1992 నాటి అంతర్జాతీయ చమురు కాలుష్య నిధి ఉంది, మన దేశం అందులో సభ్యురాలు. ఫలానా ట్యాంకరని తేలకపోయినా, చమురు ట్యాంకరు నుంచే వచ్చిందని రుజువైతే ఆ నిధిని అడగడానికి వీలుంది. నష్టం జరిగిన నాటి నుంచి మూడేళ్ళలోపు అడగాలి. మామూలు సరకు ఓడ ఇంధనమైతే వేరే ఒప్పందం, దాని కింద ఓడ బీమా కంపెనీని నేరుగా అడగవచ్చు. ఈ దావాలు హైకోర్టులో వేస్తారు. ఓడల దావాలకు సంబంధించిన 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం కింద మన హైకోర్టుకు ఓడను ఆపి ఉంచే అధికారం ఉంది. ఆ ఓడ మునిగిపోయినా, పారిపోయినా అదే యజమానికి చెందిన ఇంకో ఓడను పట్టుకోవచ్చు. 2025 మేలో కేరళ తీరంలో ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే కంటైనర్ ఓడ మునిగింది. కేరళ ప్రభుత్వం 9,531 కోట్ల రూపాయలు కోరుతూ దావా వేస్తే, హైకోర్టు విళింజం రేవులో ఉన్న అదే ఎంఎస్‌సీ కంపెనీ మరో ఓడను ఆపించింది. అంత పెద్ద దావా మీ ఊరు వేయాల్సిన పని లేదు, ఆ ఆయుధం ఉందని తెలిస్తే చాలు.

ట్రైబ్యునల్ కూడా ఓడల జోలికి వెళ్ళదనుకోకండి. 2011 ఆగస్టులో ముంబై దగ్గర బొగ్గుతో వెళ్తున్న ఎంవీ రాక్ ఓడ మునిగి దాని ఇంధనం తీరానికి కొట్టుకొచ్చింది. ఆ కేసులో 2016లో ట్రైబ్యునల్ ఓడ యాజమాన్యాన్ని 100 కోట్లు కట్టమంది. ఐదేళ్ళు పట్టిందన్నది కూడా మీకు తెలియాలి.

కాలుష్యం ఒడ్డు మీది ఫ్యాక్టరీ పైపు నుంచి వచ్చిందని తేలితే పని తేలిక. మామూలు పరిశ్రమల వ్యర్థజలం సముద్రంలోకి వదిలేటప్పుడు చమురు, గ్రీజు లీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. మండలి ఇచ్చిన అనుమతి పత్రంలో షరతులుంటాయి, వాటి నకళ్ళు సమాచార హక్కు కింద దొరుకుతాయి. మూలం ఏదైనా సరే, ప్రమాదవశాత్తు జరిగిందైతే అవతలివాళ్ళ నిర్లక్ష్యం మీరు నిరూపించక్కర్లేదని హరిత ట్రైబ్యునల్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. చమురు వాళ్ళదని, దానివల్ల మీకు నష్టం వచ్చిందని చూపితే చాలు.

"సముద్రం మా పరిధి కాదు" అన్న ఆఫీసుకు మీరు చెప్పాల్సిన జవాబు ఇది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు ప్రాదేశిక జలాలు. అక్కడి చేపల వేట రాష్ట్ర ప్రభుత్వ విషయం. జాతీయ చమురు ఒలుకు విపత్తు ప్రణాళిక ప్రకారం సముద్రంలో కోస్ట్ గార్డు, రేవు హద్దుల్లో రేవు యాజమాన్యం, ఒడ్డు శుభ్రం చేయడంలో రాష్ట్ర యంత్రాంగం బాధ్యులు. కాబట్టి ఎవరిదీ కాని జాగా అంటూ ఏదీ లేదు. ఇకమీద తెట్టు కనిపిస్తే వెంటనే కోస్ట్ గార్డు 1554కు ఫోన్ చేసి, సమయం, చోటు చెప్పి, ఎవరితో మాట్లాడారో రాసిపెట్టుకోండి. ఆరోజే మెరైన్ పోలీసులకు కాగితం మీద ఇవ్వండి. రేపు మీ జిల్లాలోని మూలపేట పోర్టుకు ఓడల రాకపోకలు పెరిగితే ఈ అలవాటు తీరం పొడవునా అన్ని ఊళ్ళకూ పనికొస్తుంది.

నష్టం లెక్క విషయంలో చాలా దరఖాస్తులు చతికిలబడతాయి. "లక్షల్లో నష్టపోయాం" అని రాస్తే ఎవరూ ఇవ్వరు. సావుకారు పద్దుల పుస్తకంలో గత రెండేళ్ళ మార్చి, ఏప్రిల్ నెలల అమ్మకాలు ఉంటాయి, వాటి నకలు తీయించండి. డీజిల్, ఐసు బిల్లులు, వల కొన్న రసీదు జతచేయండి. రసీదు లేకపోతే వల అమ్మిన దుకాణదారు రాతపూర్వకంగా ఇస్తే సరిపోతుంది. సరుకు తిప్పి పంపిన సావుకారు అఫిడవిట్ అన్నిటికన్నా బలమైనది. మీకు అప్పిచ్చినవాడు కూడా అతనే అయి ఉంటాడు, కాబట్టి మొహమాటపడతారు. అయినా అడగండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, ఆ రోజులకు వేట నష్టం అడగకండి. అడిగితే మిగతా లెక్క మీద కూడా నమ్మకం పోతుంది. 2025లో బుడగట్లపాలెంలో ప్రారంభించిన పథకం కింద ఇచ్చే 20,000 రూపాయలు నిషేధ కాలపు భృతి. దానికీ ఈ నష్టానికీ సంబంధం లేదని దరఖాస్తులోనే రాయించండి.

మధ్యలో ప్రభుత్వం తరఫున ఎంతోకొంత సాయం ఇస్తామంటే తీసుకోండి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను సమయంలో చెన్నై ఎన్నూరు కడలిలో చమురు కలిసినప్పుడు తమిళనాడు ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకు సాయం చేసింది. ఆ వ్యవహారాన్ని దక్షిణ బెంచి తనంతట తానే చేపట్టింది. మీరు మాత్రం "ఇకపై ఏ క్లెయిమూ లేదు" అని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి. పెట్టక తప్పకపోతే "తాత్కాలిక సాయంగా అందుకున్నాను" అని మీ చేత్తో రాసి పెట్టండి.

పోలీసు కేసు సంగతి క్లుప్తంగా చెబుతాను. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఉల్లంఘనలకు 2024 ఏప్రిల్ నుంచి జైలు బదులు పది వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా వేస్తున్నారు. ఆ డబ్బు మీకు రాదు. ఫిర్యాదు రికార్డు కోసం ఇవ్వండి, పరిహారానికి దాన్ని నమ్ముకోకండి.

బోటు బాబాయి పేరు మీద ఉండడం వల్ల నాన్నకు హక్కు పోదు. వలలు, బోటు నష్టం బాబాయి అడుగుతారు, కోల్పోయిన వాటా సంపాదన నాన్న అడుగుతారు. హరిత ట్రైబ్యునల్ చట్టంలోని రెండో షెడ్యూల్‌లో వ్యాపార నష్టం, ఉపాధి నష్టం రెండూ ఉన్నాయి. అందుకని అమ్మ, పిన్ని తమ పేర్ల మీదే అడగాలి, భర్తల దరఖాస్తులో ఒక వాక్యంగా మిగిలిపోకూడదు. పరిహారం కోరే దరఖాస్తుకు ఫీజు అడిగిన మొత్తంలో ఒక శాతం, కనీసం వెయ్యి రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. వకీలు ఖర్చు గురించి భయపడకండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. అమ్మను, పిన్నిని వెంటబెట్టుకుని శ్రీకాకుళంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా ముందు 15100కు ఫోన్ చేయండి. వెళ్ళేటప్పుడు బోటు రిజిస్ట్రేషన్, మత్స్యకార గుర్తింపు కార్డులు, రేషన్ కార్డు, సావుకారు పద్దుల నకలు, కలెక్టరేట్ రసీదు తీసుకెళ్ళండి. వలలు మాత్రం ఊళ్ళోనే ఉంచండి, వాటిని అధికారి వచ్చి చూడాలి.