తొక్కు డబ్బా సంగతి (2022 జనవరిల రాసిన ఉత్తరం)

బిడ్డా,

నువ్వు కోవిడ్ వార్డు డ్యూటీకి పేరిచ్చినవని మీ అమ్మ రాత్రి ఫోన్ల ఏడ్సుకుంట చెప్పింది. నేను "నర్సింగ్ చదివేది ఇంట్ల కూసునుటానికా" అని గదిమిన గని నాకు సుత నిద్ర పట్టలే. మన ఇంట్లకెల్లి ఇంకో సిస్టర్ తయారైతుందంటే సంబురమే, బుగులు సుత గంతే ఉన్నది.

చేతులు సబ్బుతోనైతే 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్ అయితే 20 నుంచి 30. ఎన్95 మాస్కు పెట్టుకున్నంక చేతులు అడ్డం పెట్టి ఊది చూడు, పక్కలకెల్లి గాలి పోతే పెట్టుకోనట్టే. పీపీఈ (ఒంటినిండ తొడిగే కిట్టు) ఇడిసేటప్పుడు మాస్కు ఆఖరుకు, అది సుత బయటికొచ్చినంకనే. గివన్నీ మీ మేడమ్‌లు చెప్పే ఉంటరు.

నేను చెప్పేది వేరే. 2021 ఏప్రిల్ల వార్డు నిండ పేషెంట్లు, బయట ఆటోలల్ల జనం. ఆరు గంటలు నీళ్లు తాగకుంట పీపీఈల ఉడికి, దిగినంక డ్యూటీ రూముల ఏడుగురం కూసున్నం, ఏసీ ఉన్నదని తలుపు మూసి, మాస్కులు తీసి. ఒకామె కొత్త మామిడికాయ తొక్కు తెచ్చింది, ఒక్కటే డబ్బా, అందరి చేతులు దాంట్లనే. మస్తు నవ్వుకున్నం బిడ్డా, నెల రోజుల సంది నవ్వింది అప్పుడే. పేషెంట్ల కాడ అంత పైలంగ ఉన్నోళ్లం, మనోళ్ల కాడికొచ్చేసరికి ఎవలికీ అనుమానం రాలే. తెల్లారి ఆమెకు జరం. జరం రాకముందు రెండు రోజుల సందే అంటుకుంటదని స్టూడెంట్లకు చెప్పేది నేనే మళ్ల!

మూడో నాడు నాకు గొంతు గరగర. తొక్కు కారం పడలే అనుకున్న. అనుకున్న అనుడు ఎందుకు, అట్లనే కావాలని ఉండె. స్టాఫ్ లేరు, లీవంటే ఇంచార్జి ముఖం మాడ్చుకుంటది, పైంగ నాకు రెండు డోసులు పడ్డయి ఏమైతది అని పారాసిటమాల్ మింగి రెండు రోజులు డ్యూటీకి పోయిన. నాకేం కాలే. మీ పెద్దబాపుకు అప్పటికి ఒక్క డోసే, తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీదున్నడు. రాత్రిళ్లు ఆయన్ని చూసుకున్న సిస్టర్ నీ ఈడు పిల్లనే. ఇప్పటికీ భద్రకాళి చెరువు కట్ట మీద నడిస్తే మధ్యల రెండుసార్లు ఆగుతడు, ఫోటో తీస్తున్నట్టు చేస్తడు, నాకు తెల్వదా.

నీకు సుత దాచే గుణం ఉన్నది. ఇంటర్ల జరంతోని పరీక్ష రాసి, అయిపోయినంక పడిపోయినవ్, యాదికున్నదా? గొంతు గీరినా టెస్ట్ చేపించుకో, అటెండెన్స్ పోతే పోనియ్, ఎవలన్న తిడితే నా నంబర్ ఇయ్యి, నేను మాట్లాడుత. ఈ జనవరి 10 తారీఖు సంది హెల్త్ వాళ్లకు ప్రికాషన్ డోస్, అంటే మూడో డోస్, ఇస్తున్నరు, నీ రెండో డోసుకు 9 నెలలు నిండితే పోయి ఏపిచ్చుకో.

పండుగకు సకినాలు పంపుత. అందరికీ చిన్న చిన్న కవర్లల్ల కట్టి పంపుత, ఎవలది వాళ్లు దూరం దూరం కూసొని, కిటికీలు తెరిచి తినుండ్రి. రోజూ డ్యూటీ దిగినంక టెంపరేచర్ చూసుకొని మెసేజ్ పెట్టు. 98 ఉన్నా పెట్టు.

మీ పెద్దమ్మ